పెద్ద కుక్కకు కీళ్ల సప్లిమెంట్: తక్కువ ఖర్చులో పనికొచ్చేది ఎంచుకోవడం ఎలా?

పెద్ద జాతి కుక్కను పెంచేవాళ్లకు కీళ్ల సప్లిమెంట్ల దగ్గర రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, సెయింట్ బెర్నార్డ్ లాంటి జాతులకు తుంటి కీలు, మోచేయి కీలు దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఇక మోతాదేమో ఒంటి బరువును బట్టి ఉంటుంది. చిన్న కుక్కకు రెండు నెలలు వచ్చే డబ్బా పెద్దదానికి రెండు వారాల్లో ఖాళీ. దాంతో చాలామంది అల్మారాలో అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న డబ్బా పట్టుకొస్తారు. చివరికి ఎక్కువ ఖర్చయ్యేది చాలాసార్లు అదే.

డబ్బా మీద రాసిన ధరను కాసేపు పక్కన పెట్టండి. మీ కుక్క బరువుకు సరిపడా, నిజంగా పనిచేసే పదార్థం అందించడానికి రోజుకు ఎంతవుతుంది? ఈ ఒక్క లెక్క వేసుకుంటే మార్కెట్లో ఉన్న సగం డబ్బాలు వాటంతటవే పక్కకు పోతాయి.

మొదటి అడుగు: కుంటుకు కారణం తేల్చుకోండి

పడుకుని లేచినప్పుడు బిగుసుకుపోయినట్టు నడిచి, నాలుగడుగులు వేశాక సర్దుకోవడం, మెట్ల దగ్గర వెనకాడటం, కారులోకి దూకకపోవడం, పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం, ఒకే కీలును పదే పదే నాకడం, తొడ కండ తగ్గిపోవడం కీళ్ల అరుగుదలకు మామూలు గుర్తులు. కానీ కుంటే ప్రతి కుక్కకూ కీళ్ల అరుగుదలే ఉండాలని లేదు. మోకాలిని పట్టి ఉంచే క్రూసియేట్ లిగమెంట్ అనే బంధనం తెగి ఉండొచ్చు. నడుము దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. పిడుదుల వల్ల వచ్చే కొన్ని జబ్బుల్లో కూడా కీళ్లు వాస్తాయి. అన్నిటికన్నా భయపడాల్సింది ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్. ఇది పెద్ద జాతుల్లోనే ఎక్కువ, మొదట్లో మామూలు కుంటులాగే కనిపిస్తుంది.

అందుకని ముందు వెట్ డాక్టర్ చేత పరీక్ష చేయించండి, అవసరమంటే ఎక్స్‌రే తీయించండి. ఆ ఖర్చు ఎగ్గొట్టి తప్పు జబ్బుకు నెలల తరబడి పొడులు కొనడాన్ని పొదుపు అనలేం.

కుక్కపిల్లల విషయంలో ఇంకో మాట. పెద్ద జాతి పిల్లకు ఎముకలు గట్టిపడాలని విడిగా కాల్షియం పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మేలు చేయదు సరికదా ఎముకల ఎదుగుదలనే పాడు చేస్తుంది. కాల్షియం ఎక్కువైతే చిన్న వయసు పిల్లలు దాన్ని ఒంటికి పట్టకుండా ఆపుకోలేవు. పెద్ద జాతి పిల్లల ఆహారంలో, తేమ తీసేసిన లెక్కన, కాల్షియం 1.8 శాతం దాటకూడదని అమెరికాలో పశు ఆహార ప్రమాణాలు రూపొందించే ఆఫ్‌కో (AAFCO) చెబుతుంది. పెద్ద జాతి పిల్లల కోసమే తయారైన ఆహారం పెడుతుంటే దానిపైన ఏ కాల్షియమూ వద్దు.

రెండో అడుగు: బరువు చూడండి

సప్లిమెంట్ల గురించి చెప్తానని బరువు మాట ఎత్తాడేమిటి అనుకోవద్దు. పైసా ఖర్చు లేకుండా, పైగా ఆహారం ఖర్చు తగ్గిస్తూ, కీళ్లకు ఇంత ఉపకారం చేసేది మరొకటి లేదు. 2002లో వెలువడిన ఒక అధ్యయనంలో 48 లాబ్రడార్లను జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ ఆహారం పెడుతూ జీవితాంతం గమనించారు. తక్కువ తిన్న గుంపు మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు, రెండో గుంపుది 11.2 ఏళ్లు. సన్నగా ఉన్నవాటికి కీళ్ల జబ్బు ఆలస్యంగా వచ్చింది, తక్కువగానూ వచ్చింది. 2010లో వచ్చిన మరో అధ్యయనంలో, లావుగా ఉండి కుంటుతున్న కుక్కలు ఒంటి బరువులో 6 శాతానికి కాస్త పైన తగ్గేసరికే కుంటులో తేడా కనిపించింది. 40 కిలోల కుక్కకు అది రెండున్నర కిలోలు.

చూసుకోవడం కష్టమేమీ కాదు. రెండు అరచేతులూ పక్కటెముకల మీద ఆన్చి నిమరండి. నొక్కకుండానే ఎముకలు చేతికి తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడి కనిపించాలి, పక్క నుంచి చూస్తే పొట్ట పైకి లాక్కున్నట్టు ఉండాలి. డాక్టర్లు వాడే 9 పాయింట్ల కొలతలో 4 లేదా 5 ఉంటే సరైన బరువు. మీ కుక్క 7 దగ్గర ఉంటే ముందు గిన్నె తగ్గించండి, డబ్బా సంగతి తర్వాత.

మూడో అడుగు: దేనికి డబ్బు పెట్టాలి?

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి ఈ భాగం కాస్త నిదానంగా చదవండి.

నా వరుసలో మొదటిది చేపనూనెలో ఉండే ఒమేగా-3. అందులోనూ ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రెండు కొవ్వు ఆమ్లాలు. ఇవి కణాల పొరల్లో చేరి, వాపు పుట్టించే పదార్థాలకు ముడిసరుకైన అరాకిడోనిక్ ఆమ్లం చోటును కొంత ఆక్రమిస్తాయి. వాపు మెల్లగా నెమ్మదిస్తుంది. 2022లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష కుక్కలు, పిల్లుల కీళ్ల అరుగుదలకు వాడే ఆహారాలు, సప్లిమెంట్ల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి చూసింది. అందులో నిలకడగా ఫలితం చూపింది ఒమేగా-3 వర్గమే. కీళ్ల అరుగుదల ఉన్న కుక్కలకు చేపనూనె ఎక్కువగా ఉన్న ఆహారం పెట్టినప్పుడు కార్‌ప్రోఫెన్ అనే నొప్పి మందు మోతాదు తగ్గించగలిగారని 2010లో మరో అధ్యయనం తేల్చింది. జేబు చూసుకునేవాళ్లకు ఇది కూడా ముఖ్యమే.

అవిసె నూనె ఈ పని చేయదు. అందులో ఉండేది ఏఎల్‌ఏ అనే వేరే ఒమేగా-3. కుక్క ఒంట్లో అది ఈపీఏగా మారేది బహు కొంచెం. కాడ్ లివర్ ఆయిల్ మాత్రం అసలు వద్దు. పేరులో చేప ఉన్నా అది చేప కాలేయం నూనె, విటమిన్ ఎ, డి దండిగా ఉంటాయి. ఒమేగా-3 కోసం పెద్ద మోతాదులో పోస్తే ఆ రెండూ విషమయ్యే స్థాయికి చేరతాయి. క్రిల్ నూనె మంచిదే కానీ మిల్లీగ్రాము లెక్కన సాధారణంగా ఖరీదు ఎక్కువ, పెద్ద కుక్కకు తడిసి మోపెడవుతుంది. నాచు నూనె వాడొచ్చు, అయితే చాలావాటిలో డీహెచ్‌ఏ ఎక్కువ, ఈపీఏ తక్కువ. కొనేముందు రెండు అంకెలూ చూడండి.

రెండోది యూసీ-2, అంటే స్వరూపం చెడని రెండో రకం కొల్లాజెన్, కీళ్ల మృదులాస్థిలో ఉండే ప్రోటీన్. ఇది మృదులాస్థికి ఇటుకలు అందించే మందు కాదు. పేగుల్లోని రోగనిరోధక వ్యవస్థకు కొల్లాజెన్‌ను కొంచెం కొంచెంగా పరిచయం చేసి, కీళ్ల మీద దాని దాడిని శాంతపరచడం దీని పద్ధతి. అందుకే మోతాదు చాలా చిన్నది. కుక్కల ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది రోజుకు 40 మి.గ్రా. పొడి, అందులో అసలు పదార్థం 10 మి.గ్రా. ఒంటి బరువు పెరిగినంత మాత్రాన ఈ మోతాదు అదే లెక్కన పెరగదు. దానివల్ల 50, 60 కిలోల కుక్కల విషయంలో ఇది ఊహించనంత చవక పడొచ్చు. ఒమేగా-3కి ఉన్నంత బలమైన రుజువు దీనికి లేదు, ఉన్నది మాత్రం ఆశాజనకమే. వేడి తగిలితే పాడవుతుంది కనుక వేడివేడి ఆహారంలో కలపకండి. మామూలు కొల్లాజెన్ పొడి, అంటే హైడ్రోలైజ్ చేసి చిన్న ముక్కలుగా విరగ్గొట్టినది, ఇదీ ఒకటి కాదు. దాన్ని గ్రాముల లెక్కన పెట్టాలి, పనిచేసే తీరే వేరు.

మూడోది న్యూజిలాండ్ తీరాల్లో దొరికే పచ్చ పెదవుల ఆల్చిప్ప పొడి. కొన్ని ప్రయోగాల్లో మేలు కనిపించింది, కొన్నిట్లో లేదు. తీసుకుంటే గడ్డకట్టించి ఎండబెట్టిన (ఫ్రీజ్ డ్రైడ్) రకం తీసుకోండి, అతిగా వేడి చేసి తయారుచేస్తే అందులోని కొవ్వు ఆమ్లాలు దెబ్బతింటాయి.

ఇక అందరికీ తెలిసిన పేర్లు, గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనే సామెత వీటికి బాగా నప్పుతుంది. 2007లో ఒక ప్రయోగంలో డెబ్బై రోజుల తర్వాత కొంత ఫలితం కనబడింది, ఆ తర్వాత వచ్చినవి చాలావరకు నిరాశపరిచాయి. పైన చెప్పిన 2022 సమీక్షయితే కీళ్ల అరుగుదల నొప్పికి ఈ జంటను వాడొద్దని సూటిగా చెప్పింది. వీటివల్ల హాని తక్కువే. ఇప్పటికే వాడుతూ కుక్క బాగుంటే రేపే ఆపెయ్యమని నేను అనను. చేతిలో ఉన్న డబ్బు ఒక్క డబ్బాకే సరిపోతుందంటే మాత్రం అది ఈ డబ్బా కాకూడదు. తప్పదు, ఇదే కొంటామంటే ఒక కిటుకు ఉంది. గ్లూకోసమైన్ హైడ్రోక్లోరైడ్‌లో బరువు లెక్కన అసలు గ్లూకోసమైన్ 80 శాతం పైనే ఉంటుంది, సల్ఫేట్ రకంలో ఉప్పులు కలవడం వల్ల అంతకన్నా తక్కువ. కాండ్రాయిటిన్ ఖరీదైన పదార్థం, కల్తీకి పేరుపడ్డది కూడా. మరీ చవగ్గా దొరికితే అనుమానించాల్సిందే.

పసుపులోని కర్కుమిన్ పేగుల నుంచి రక్తంలోకి సరిగా ఎక్కదు. బోస్వెల్లియా అనే చెట్టు జిగురుకు, గుడ్డు పెంకు లోపలి పొరకు కొద్దిపాటి రుజువులున్నాయి. ఎంఎస్‌ఎం అనే గంధకం ఉన్న పదార్థానికి కుక్కల్లో చెప్పుకోదగ్గ రుజువు లేదు. పదిహేను పదార్థాలు చిటికెడు చిటికెడు కలిపిన డబ్బాల్లో ఏదీ పనిచేసేంత ఉండదు.

నాలుగో అడుగు: కాగితం, పెన్సిల్ తీసుకుని లెక్క కట్టండి

కీళ్ల అరుగుదలకు పశు పోషకాహార నిపుణులు చెప్పే ఒమేగా-3 లక్ష్యం: ఒంటి బరువును 0.75 ఘాతానికి హెచ్చించి, దాన్ని 310తో గుణిస్తే వచ్చిన మిల్లీగ్రాములు, ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి. వినడానికి గాభరాగా ఉన్నా ఫోన్లో క్యాలిక్యులేటర్ చాలు. బరువు అంకెను మూడుసార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించండి, వచ్చినదానికి వర్గమూలం నొక్కండి, మళ్లీ ఇంకోసారి నొక్కండి. 30 కిలోలకు 30 × 30 × 30 అంటే 27,000, మొదటి మూలం 164, రెండో మూలం 12.8. దాన్ని 310తో గుణిస్తే దాదాపు 4,000 మి.గ్రా. అదే లెక్కన 40 కిలోలకు 4,900, 50 కిలోలకు 5,800, 60 కిలోలకు 6,700.

ఈ అంకెల్లో ఒక చిత్రం చూడండి. బరువు 30 నుంచి 60కి రెట్టింపైనా మోతాదు రెట్టింపు కాలేదు. ప్రతి 10 కిలోలకు ఒక చెంచా అని రాసిన లేబుల్‌ను గుడ్డిగా పాటిస్తే మీ పెద్ద కుక్కకు అక్కర్లేనిది కూడా పోస్తుంటారు. గరిష్ఠ పరిమితి ఇదే సూత్రంలో 310 బదులు 370. అది దాటకూడదు. 310 కూడా పైస్థాయి లక్ష్యమే, చాలామంది డాక్టర్లు అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి చూస్తారు.

ఇప్పుడు రెండు సీసాలు పోల్చుదాం. మొదటిది 100 గొట్టాలు (క్యాప్సూల్స్), ఒక్కోదానిలో చేపనూనె 1,000 మి.గ్రా. ముందు పెద్ద అక్షరాల్లో కనిపించేది ఈ వెయ్యే. వెనక చిన్న అక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉంటుంది, అంటే మనకు కావాల్సింది 300. సీసా మొత్తం 30,000. రోజుకు 4,000 కావాలంటే 13 గొట్టాలు మింగించాలి, సీసా వారం రోజులకు వస్తుంది, నెలకు నాలుగు సీసాలు. రెండోది 500 మి.లీ. ద్రవ నూనె, ప్రతి 5 మి.లీ.లో రెండూ కలిపి 1,500 మి.గ్రా. మొత్తం 1,50,000, అంటే 37 రోజులు. రెండో సీసా ధర మొదటిదానికి నాలుగు రెట్లున్నా సరే, అదే చవక.

ఏ సప్లిమెంటుకైనా సూత్రం ఇదే: ధరను డబ్బాలో ఉన్న మొత్తం అసలు మిల్లీగ్రాములతో భాగించి, మీ కుక్క రోజు మోతాదుతో, ఆ తర్వాత 30తో గుణించండి. ఒక్క జాగ్రత్త. కుక్క తినే ఆహారంలో ఇప్పటికే ఒమేగా-3 ఉంటే దాన్ని తీసేసి మిగతాది లెక్క కట్టండి. అంతకన్నా ముందు కీళ్ల కోసమే తయారైన ఆహారం ధర కూడా చూడండి. మామూలు ఆహారం, చేపనూనె రెండింటి ఖర్చు కలిపితే కొన్నిసార్లు అదే తక్కువ పడుతుంది.

ఐదో అడుగు: లేబుల్ వెనక్కి తిప్పి చదవండి

ముందువైపు బొమ్మ, పొగడ్తలు వదిలేయండి. వెనక ఒక్కో పదార్థం ఎంత ఉందో విడివిడిగా అంకె ఉండాలి. ప్రత్యేక మిశ్రమం అని పేరు పెట్టి మొత్తం బరువు మాత్రమే రాస్తే ఆ డబ్బా అక్కడే పెట్టేయండి, లెక్క కట్టడానికే వీలుండదు. ఆ అంకె ఒక్క బిళ్లకా, రెండు బిళ్లలకా అన్నది చూడండి. 60 రోజులకు వస్తుందని రాసి ఉంటే అది ఏ బరువు కుక్కకో చూడండి, చాలావరకు చిన్నదానికే.

బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీదారు చిరునామా ఉండాలి. సప్లిమెంట్లకు చాలాచోట్ల మందులకున్నంత కఠిన పరీక్ష ఉండదు, అందుకే బయటి సంస్థ తనిఖీకి విలువ. అమెరికాలోని జంతు సప్లిమెంట్ల తయారీదారుల సంఘం ఎన్‌ఏఎస్‌సీ ముద్ర ఉంటే తయారీ పద్ధతులకు ఆడిట్ జరిగిందని అర్థం, అది పనిచేస్తుందన్న హామీ కాదు. ముద్ర లేకపోతే బ్యాచ్ పరీక్ష పత్రం పంపమని కంపెనీకి రాయండి. పంపేవాళ్ల దగ్గర కొనండి. కీళ్లవాతం నయం చేస్తుందని రాసినవాళ్లను నమ్మకండి, ఏ సప్లిమెంటూ నయం చేయదు.

నమిలే బిళ్లలకన్నా పొడి, ద్రవం చవక. బిళ్లలో రుచికీ ఆకారానికీ కూడా మీరు డబ్బు కడుతున్నారు. పైగా రుచి మరిగిన కుక్క డబ్బా కొరికి మొత్తం తినేస్తే ప్రమాదం. అలా కీళ్ల సప్లిమెంట్లు ఒకేసారి ఎక్కువ మోతాదులో తిన్న కుక్కల్లో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు పశువైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఆరో అడుగు: మనుషుల సీసా కొనే ముందు

చేపనూనె, గ్లూకోసమైన్ అణువు మనిషికైనా కుక్కకైనా ఒకటే. మనుషుల కోసం అమ్మేది చవగ్గా దొరికితే వాడొచ్చు. చిక్కంతా దాంతోపాటు కలిపే వాటితోనే. జైలిటాల్ అనే తీపి పదార్థం కుక్కల రక్తంలో చక్కెరను ప్రాణం మీదకు వచ్చేంత పడగొడుతుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. కొన్ని లేబుళ్ల మీద దాన్నే బర్చ్ షుగర్ అంటారు. మనుషుల కీళ్ల మాత్రల్లో విటమిన్ డి3 కలపడం మామూలు, అదీ కుక్కకు ప్రమాదమే. ఇవి రెండూ లేని, ఒకే పదార్థం ఉన్న, రుచులు కలపని సీసా అయితేనే తీసుకోండి.

నొప్పిగా ఉంది కదా అని ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, పారాసెటమాల్ మాత్రం ఎన్నడూ వేయకండి.

ఏడో అడుగు: మెల్లగా మొదలుపెట్టి, ఫలితం కొలవండి

చేపనూనె మొదటి వారం లక్ష్యంలో పావు వంతు, వారానికి మరో పావు చొప్పున పెంచండి. విరేచనాలు పలచబడితే ఒక మెట్టు దిగి కొన్నాళ్లు ఆగండి. నూనె గ్రాముకు 9 కిలో క్యాలరీలు. పై లెక్కలోని ద్రవ నూనె 30 కిలోల కుక్కకు రోజుకు 13 మి.లీ. పోస్తే వంద కిలో క్యాలరీల పైనే చేరతాయి. ఆ మేరకు ఆహారం తగ్గించకపోతే రెండో అడుగులో సాధించింది ఇక్కడ పోతుంది. క్లోమం వాపు వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు, ఆపరేషన్ దగ్గరపడ్డ కుక్కకు, రక్తం గడ్డకట్టడం మీద పనిచేసే మందులు వాడే కుక్కకు డాక్టర్‌ను అడక్కుండా మొదలుపెట్టొద్దు. సీసా తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్కిన వాసన వస్తే పారబోయండి. గొట్టాలైతే అప్పుడప్పుడు ఒకటి పొడిచి వాసన చూడండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. నూనె, పొడి, కొత్త ఆహారం ఒకే వారంలో మొదలుపెడితే ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు, మూడింటికీ డబ్బు కడుతూనే ఉంటారు. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు గడువు ఇవ్వండి.

కొలవడానికి మన కళ్లను మాత్రమే నమ్ముకుంటే లాభం లేదు. డబ్బు పెట్టాక బాగైందనిపించడం మనిషి నైజం. డమ్మీ మందు ఇచ్చిన కుక్కలను కూడా యజమానులే కాదు, డాక్టర్లు కూడా మెరుగైనట్టు గుర్తించారని 2012లో ఒక పరిశోధన నడక ఒత్తిడిని కొలిచే యంత్రాలతో పోల్చి చూపింది. కాబట్టి మొదలుపెట్టక ముందే వీడియో తీయండి. పొద్దున లేచి వేసే మొదటి అడుగులు, మెట్లు ఎక్కడం, చదునైన చోట పక్క నుంచి నడక. ప్రతి నాలుగు వారాలకు అదే చోట, అదే సమయానికి మళ్లీ తీయండి. లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తయారుచేసిన లోడ్ ప్రశ్నావళి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ల సీబీపీఐ ప్రశ్నావళి కుక్క నొప్పి, నడక ఎలా ఉన్నాయో యజమానులు నింపడానికే ఉన్నాయి. పాత జవాబులు చూడకుండా కొత్తవి నింపి, తర్వాత పక్కపక్కన పెట్టుకోండి. వీడియోలను కుక్క సంగతి తెలియని వాళ్లకు, ఏది ముందుదో చెప్పకుండా చూపిస్తే ఇంకా మేలు.

పన్నెండు వారాలయ్యాక తేడా లేకపోతే ఆపేయండి. సీసాలో ఇంకా మిగిలి ఉందని లాగొద్దు. తేడా ఉంటే డాక్టర్‌తో మాట్లాడి మోతాదు కొంచెం తగ్గించి చూడండి, అదే ఫలితం నిలిస్తే ఆ తగ్గింపు మీ పొదుపు. నొప్పి మందు ఏదైనా వాడుతుంటే దాని మోతాదు మాత్రం సొంతంగా తగ్గించవద్దు.

రాత్రి నిద్రపట్టక లేచి తిరిగే కుక్క, ముట్టుకుంటే మూలిగే కుక్క సప్లిమెంట్ల స్థాయి దాటిపోయింది. దానికి కార్‌ప్రోఫెన్, మెలాక్సికామ్ లాంటి కుక్కల నొప్పి మందులో, నెలకోసారి ఇచ్చే బెడిన్‌వెట్‌మాబ్ ఇంజెక్షనో కావాలి. ఏది సరిపోతుందో కాలేయం, మూత్రపిండాల రక్తపరీక్ష చూసి డాక్టర్ నిర్ణయిస్తారు. పనిచేయని డబ్బా ఆపగా మిగిలిన డబ్బును ఆ పరీక్షకు వాడండి. ఇంకా మిగిలితే జారే నేల మీద పరవడానికి రబ్బరు చాపలు కొనండి.